పదిహేడో నంబరు మేకు

శనివారం సాయంత్రం ఆ గదికి తాళం వేసింది హన్నాయే. ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు తీసిందీ హన్నాయే. ఈ మధ్యలో ఎవరో లోపలికి వచ్చి పోయారు. తాళం పగలలేదు, కిటికీ చెక్కు చెదరలేదు, పదిహేడో నంబరు మేకుకున్న ఇత్తడి బిళ్ల మాత్రం మాయమైంది. పోయిన వారం మనం ఆమెను ఆ ఖాళీ మేకు ముందే నిలబెట్టి వచ్చాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. హన్నా గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరు. ఇంకో మూడు వారాల్లో, మార్చి ఎనిమిదిన, చర్చి వెనకున్న సండే స్కూలు గదిలో ఆమె ఒక ప్రదర్శన పెడుతోంది. కూల్చేసిన పాత క్వార్టరు తలుపొకటి తెచ్చి నల్లరంగు వేసి, నలభై మూడు మేకులు కొట్టింది. ఒక్కో మేకుకు ఒక్కో బిళ్ల. ముందువైపు నంబరు, వెనకవైపు పేరు. ఈ కాలనీల నుంచి కువైటుకూ, మస్కట్‌కూ, దుబాయికీ ఇంటిపనికి పోయిన నలభై మూడు మంది ఆడవాళ్ల పేర్లవి.

బొగ్గుబాయిలోకి దిగేవాళ్ల ఇళ్లలో ఈ బిళ్లల సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దిగే ముందు ల్యాంపు రూంలో తన బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు కార్మికుడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల ఇంకా మేకుకే ఉందంటే మనిషి కిందే ఉన్నట్టు. హన్నా ఆ మేకులకు ఆడవాళ్లను ఎక్కించింది. అంతటితో ఊరుకోకుండా ఒక్కో బిళ్ల కింద బొగ్గుముక్కతో చిన్న బొమ్మ గీసింది. ఇంటివాళ్లు ఫోనులో ఆమెను ఆఖరిసారి ఏమడిగారో ఆ వస్తువు బొమ్మ. తొమ్మిదో నంబరు కింద గ్రైండరు. ఇరవై రెండో నంబరు కింద మోటారు సైకిలు. పదిహేడో నంబరు కింద ఇనుపగేటు.

పదిహేడు సుజిత. హన్నా సొంత అక్క. తొమ్మిదేళ్ల కింద, కాపురం చెడి పుట్టింట్లో ఉన్న ఆమెను "ఒక్క రెండేండ్లే" అని చెప్పి కువైటు పంపారు. ఇద్దరికీ నడుమ పుట్టిన జాన్ ప్రసాద్ చదువుతో రెండేళ్లు గడిచాయి, ఇంటి స్లాబుతో ఇంకో రెండేళ్లు. సెలవు మీద రెండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఒక కొత్త అవసరం ముస్తాబై కూర్చుని ఉంది. ఇప్పుడు ఏడు వారాలుగా ఆమె గొంతు ఎవరూ వినలేదు. వేరే ఇంటికి పనికి మారిందని, అక్కడ ఫోను ముట్టనివ్వరని, గోలేటిలో ఉండే తన దోస్తు నర్సింగం ఫోనుకు కబురొచ్చిందని తండ్రి చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడు.

గొంతు లేదు. ఇప్పుడు బిళ్ల కూడా లేదు. అక్కకేమన్నా అయిందా? అయితే ఆ సంగతి తెలిసిన మనిషి ఎవరు, చెప్పకుండా బిళ్ల తీసుకుపోవడం ఏమిటి? మిగతావన్నా ఉన్నాయా అని వేలుపెట్టి లెక్కపెట్టింది. నలభై మూడు వచ్చాయి. ఒకటి పోయాక నలభై మూడెట్లా వస్తాయి? ఈ కంగారులో లెక్కేం కుదురుతుందని తనను తానే తిట్టుకుంది. ఇంతలో ఆరాధన గంట కొట్టారు. తాళం వేసి వెళ్లి కూర్చుంది.

కూర్చుందే కానీ పాస్టరుగారి ప్రసంగంలో ఒక్క మాట చెవికెక్కితే ఒట్టు. ఆ గదికి తాళంచెవులు రెండు. ఒకటి హన్నా సంచిలో ఉంటుంది. రెండోది ఇంట్లో, వంటగది తలుపు వెనక. అంటే దొంగ బయటివాళ్లు కాదు, పొద్దున తనతో కూర్చుని చాయ తాగినవాళ్లే.

ముందు వరుసలో అమ్మ సుగుణమణి తల మీద కొంగేసుకుని కూర్చుంది. ఈ తలుపు చర్చికి వచ్చిన రోజు నుంచీ ఆమెకు ఇది గిట్టదు. గేటు బొమ్మ చూసిన రోజైతే ఇంట్లో పొయ్యి వెలగలేదు. "గేటడిగినందుకు బొమ్మేస్తవా? పందులొచ్చి చెట్లన్ని పీకుతున్నయని అడిగిన. నా మెడలేసుకుంటననా? కడుపుల పుట్టినోళ్లే ఇంటి ముచ్చట గోడకెక్కిస్తె ఇగ బయటోళ్లననుడెందుకు?" అంది. ఆ మాటల్లో కోపం ఉంది, అవమానమూ ఉంది. కానీ అమ్మకు చాటుమాటు పనులు చేతకావు. ఆమె తీసేదైతే తలుపే తెచ్చి పొయ్యిలో పెట్టేది.

అన్న జాన్ ప్రసాద్ సంగతి వేరు. జ్యోతినగర్‌లో కంప్యూటరు మీద పనిచేస్తాడు, కాంట్రాక్టు ఉద్యోగం. నెల కింద ఈ బిళ్లలు చూసి "పరువు తీస్తున్నవ్" అని అరిచిన మనిషి. పది రోజుల నుంచి తేనె పూసినట్టు మాట్లాడుతున్నాడు. "మంచి పని చేస్తున్నవ్ చెల్లె" అన్నాడు మొన్న. చెల్లెలికి ఇష్టమని మిర్చి బజ్జీలు తెస్తున్నాడు. రేషను కార్డులో పేరెక్కించాలని జనవరి మొదట్లో ఆమెతో ఆరు ఫోటోలు దిగించాడు. పదో తరగతి సర్టిఫికెట్టు తీసుకున్నాడు, రెండుమూడు కాయితాల మీద సంతకాలు పెట్టించాడు. ఆ తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి ఒకాయన వచ్చి "హన్నా అంటె నువ్వేనా?" అని అడిగి రాసుకుని పోయాడు. ఓటరు లిస్టు పని అన్నాడు అన్న. ఓటరు లిస్టుకు పోలీసాయన ఎందుకొస్తాడని అప్పుడే అడగాల్సింది. అడగలేదు, బజ్జీలు తింటూ కూర్చుంది.

ఈ రోజు జాన్ ప్రసాద్ ఆరాధనకు రాలేదు. పని ఉందట. ఆదివారం పూట ఏం పని? హన్నా అనుమానమంతా అన్న మీదే కుప్ప పోసింది.

తండ్రి యేసుదానం మీద మాత్రం ఆమెకు గోరంత అనుమానం కూడా లేదు. ఎట్లా ఉంటుంది? ఇంట్లో ఆమె పక్షం మాట్లాడే మనిషి ఆయనొక్కడే. ముప్పయ్యొక్కేళ్లు ల్యాంపు రూంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇత్తడి రేకు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రాసి, సుత్తితో నంబర్లు కొట్టి, బిళ్లలన్నీ తయారుచేసింది ఆయనే. క్రిస్మస్‌కు ముందే ఒక్కోటీ మేకుకు వేసిందీ ఆయనే. ఇంకొకరిని వేయనిచ్చేవాడు కాదు.

ఆరాధన అయిపోయి అందరూ వెళ్లాక హన్నా తండ్రిని ఆ గదికి తీసుకొచ్చింది. చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం మైకు ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఎవరో ఉపన్యాసం దంచుతున్నారు. ఖాళీ మేకు చూపించి "చూసినవా బాపు, అన్న చేసిన పని?" అంది.

యేసుదానం ఆ మేకు వైపు చూసి, చటుక్కున కిటికీ వైపు తిరిగాడు. "వాడే చేసిండని ఎందుకనుకోవాలె?" అన్నాడు.

"ఇంకెవరు చేస్తరు? సరే తియ్యి. పదిహేడు మల్ల కొట్టు. రేకు ముక్క మిగిలింది కద."

"రేపు చూద్దం బిడ్డ."

"రేపెందుకు? సుత్తి ఇక్కడ్నే ఉన్నది."

"అద్దాలు మరిచిన."

అద్దాలు ఆయన చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడుతున్నాయి. హన్నా వాటిని చూసింది. తను చూసిందని ఆయనా చూశాడు. అయిదు నిమిషాల కింద గోరంత లేని అనుమానం అప్పుడు మొలకెత్తింది. ముందే అన్న మీద కుప్ప పోసి ఉంది కాబట్టి, దాన్నంతా తవ్వి ఇటువైపు మళ్లించడానికి ఆమెకు కొంత సేపు పట్టింది.

ఆమే కూర్చుని రేకు ముక్క కోసింది. ఒకటి, ఏడు తనే కొట్టింది. వంకరగా వచ్చాయి. పేరు గీకి, బిళ్ల తండ్రి ముందు పెట్టింది.

"నంబరు నేనే కొట్టిన. నువ్వు మేకుకెయ్యి. మిగిలినయన్ని నువ్వే వేసినవ్ కద, ఇది గూడ నీ చెయ్యితోనే వెయ్యి."

యేసుదానం బిళ్ల తీసుకున్నాడు. చెయ్యి మేకు దాకా పోయింది. అక్కడ ఆగింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, లేకపోతే ఆ చెయ్యి ఎందుకాగిందో మీకు తెలియదు. యేసుదానం ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక బాయిలో పోశం అనే కార్మికుడికి కడుపునొప్పి వచ్చి షిఫ్టు మధ్యలో పైకొచ్చాడు. దీపం బల్ల మీద పెట్టి, బిళ్ల తీసుకోకుండానే ఇంటికి పోయి పడుకున్నాడు. బిళ్ల మేకుకే ఉండిపోయింది. షిఫ్టు అయ్యాక యేసుదానం దాన్ని చూసి, కింద ఒక మనిషి ఉండిపోయాడని కేకేశాడు. నలుగురు వెతకడానికి దిగారు. పైకప్పు పెళ్ల జారి లింగమూర్తి కాలు నుజ్జయింది. ఇంట్లో పోశం మాత్రం హాయిగా గురక పెడుతున్నాడు. లింగమూర్తి ఇప్పటికీ చంకకర్రతో ఈ చర్చి ముందు నుంచే నడిచిపోతాడు. ఆయన కనబడితే యేసుదానం ఎక్కడున్నా లేచి నిలబడతాడు. పిల్లలకు కథలు చెప్పమంటే ఆయన ఈ ఒక్క కథే చెప్పేవాడు. హన్నా చిన్నప్పుడు వంద సార్లు విని ఉంటుంది.

"వెయ్యి బాపు" అంది.

"నాతోటి కాదు."

"ఎందుకు కాదు?"

"పైకొచ్చిన మనిషి బిళ్ల మేకుకెయ్యొద్దు బిడ్డ."

నోరు జారింది. జారిన సంగతి ఆయనకు అర్థమయ్యేసరికి హన్నా లేచి నిలబడి ఉంది. బయట మైకులో ఉపన్యాసం అయిపోయి చప్పట్లు మొదలయ్యాయి.

"అక్క వచ్చిందా?"

ఆయన బిళ్లను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"బాపు, నిన్నే అడుగుతున్న. అక్క బతికే ఉన్నదా? వచ్చిందా? ఎప్పుడొచ్చింది?"

"బతికే ఉన్నది. క్రిస్మస్ అయిన మూడోనాడు వచ్చింది" అన్నాడు యేసుదానం. "మంచిర్యాల టేషన్ల దిగి నర్సింగానికి ఫోన్ చేసింది. ఇంటికి చెయ్యలే. గోలేటిల వాళ్లింట్లనే ఉన్నది."

హన్నాకు ఒక్కసారిగా ఏడుపు, కోపం, సంతోషం కలిసి తన్నుకొచ్చాయి. అక్క ఉంది. ఇక్కడికి రెండు బస్సుల దూరంలో ఉంది. బస్సెక్కితే తల తిరుగుతుందని మంచిర్యాలకు కూడా పోని తండ్రి, ఈ ఏడు వారాల్లో ప్రతి శుక్రవారం ప్రార్థన కూడిక అని గోలేటికి పోయి వస్తున్నాడు. నర్సింగం ఏనాడూ చర్చి గడప తొక్కినవాడు కాదు, వాళ్లది సమ్మక్క జాతరకు పోయే ఇల్లు. వాళ్లింట్లో ప్రార్థన కూడిక ఏమిటని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టలేదంటే తమకు ఆయన గురించి ఆలోచించే అలవాటు లేకనే.

"ఇంటికెందుకు రాలే?"

"వస్తె మల్ల పంపుతరని. 'అమ్మ ఏడుస్తది, తమ్ముడు బతిలాడుతడు, నాకు కాదనుడు రాదు బాపు, మల్ల పోత' అన్నది. 'నేను వచ్చినట్టు ఎవ్వరికి చెప్పకు, జరన్ని రోజులు నన్ను పండుకోనియ్యి' అన్నది. మూడు రోజులు పండుకున్నది బిడ్డ. లేపితే లేచుడు, తినుడు, మల్ల పండుకునుడు. నర్సింగం పెండ్లాం కనకవ్వ దగ్గర కూసోని బువ్వ తినిపిచ్చింది."

"అమ్మకు, అన్నకు చెప్పకుంటె పాయె. నాకెందుకు చెప్పలే? నేనేమన్న దాన్ని పొమ్మన్ననా? దాని కోసమే కద ఇదంత చేస్తున్న?" నల్ల తలుపును చూపిస్తూ హన్నా గొంతు పెంచింది. "ఈ ఊర్లె దాని గురించి ఆలోచించేది నేనొక్కదాన్నే. నా మీదనన్న నమ్మకం లేదా?"

యేసుదానం ఆ తలుపు వైపు చూశాడు. ఆయనకు కూతురి మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

"గేటు బొమ్మ తప్పు బిడ్డ" అన్నాడు మెల్లగా. "గేటు మీ అమ్మ దసరాకడిగింది. దాని తర్వాత కెమెరా నువ్వడిగినవ్."

కెమెరా ఆ గదిలోనే ఉంది, కుర్చీ మీద, నల్ల సంచిలో. ఆ నలభై మూడు ఇళ్లకూ దాన్నే పట్టుకుపోయింది. ప్రతి ఇంట్లో కూర్చుని "మీరు ఆమెను ఆఖరికి ఏమడిగిన్రు?" అని నిలదీసింది. వాళ్లు తల దించుకుంటే లోలోపల గర్వపడింది కూడా. సొంతింటి దగ్గరికొచ్చేసరికి అమ్మ గేటు గుర్తొచ్చింది కానీ తన కెమెరా గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే గుర్తొచ్చింది. గీయడం మొదలుపెట్టినప్పుడే గుర్తొచ్చింది. అయినా గేటే గీసింది. సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది.

కెమెరా మీది నుంచి చూపు తిప్పుకుని అడిగింది. "అందుకేనా రాత్రికి రాత్రి వచ్చి తీసుకపోయినవ్?"

"పొద్దుగాల వచ్చిన, నువ్వు లేవకముందు. పదిహేడు తీసుడు కోసం రాలే బిడ్డ. ఇంకోటి వెయ్యనీకొచ్చిన. వచ్చినంక అక్క ఇంక కిందనే ఉన్నట్టు కనబడితె పానం ఒప్పలే. తీసి జేబుల వేసుకున్న. అది అక్క చేతికే ఇయ్యాలె."

ఇంకోటి. నలభై మూడు. హన్నా లెక్క తప్పలేదు.

ఆమె తలుపు దగ్గరికి పోయి కింది వరుస చూసింది. కుడిచేతి మూల, రంగు డబ్బా సగం అడ్డున్న చోట, కొత్త మేకు. కొత్త బిళ్ల. అంచులు నున్నగా ఉన్నాయి, అంకెలు తీర్చినట్టు ఉన్నాయి. నలభై నాలుగు. వేలితో తిప్పి వెనకవైపు చూసింది.

హన్నా.

"నీ పాస్‌పోర్టు వచ్చింది బిడ్డ" అన్నాడు వెనక నుంచి యేసుదానం. "మీ అన్న అల్మారల చూసిన. అక్క పని ఇడిసిపెట్టొచ్చిన ఇంటోళ్లు వానికి ఫోన్ చేసిన్రట. ఆ పిల్ల ఎటు పోయిందో తెల్వది, ఆ ఇంటి మనిషినే ఇంకొకర్ని పంపుమన్నరట. అమ్మకు చెప్పలే. నాకొక్కనికి చెప్పిండు. నీకు చెప్పనని నాతోటి ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? నేను ఏడుస్తె ఎవరు ఆగిన్రు ఈ ఇంట్ల?" ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. "ముప్పయ్యొక్క ఏండ్లు బిళ్ల లేకుంట ఒక్క మనిషిని దిగనియ్యలే. గంతే నాకు తెలిసింది."

హన్నా తండ్రి మొహంలోకి చూసింది. ఈ బిళ్ల ఆమెను హెచ్చరించడానికి వేశాడా, పంపడానికి సిద్ధపడి వేశాడా? ఒట్టు తప్పకుండా చెప్పడానికి ఆయనకు దొరికిన దారి ఇదేనా, లేక తొమ్మిదేళ్ల కింద పెద్దకూతురికి పెట్టె సర్దినట్టే ఈమెకూ సర్దుతున్నాడా? చిన్నప్పటి నుంచి ఎరిగిన మొహం. ఏమీ తేలలేదు. బహుశా ఆయనకే తేలలేదు.

నలభై నాలుగో బిళ్ల కింద బొమ్మ లేదు. ఆమెను ఎవరూ ఇంకా ఏమీ అడగలేదు.

బయట మోటారు సైకిలు ఆగింది. చెప్పుల చప్పుడు. జాన్ ప్రసాద్ ఒక చేతిలో బజ్జీల పొట్లం, ఇంకో చేతిలో పెద్ద ఖాకీ రంగు కవరుతో గడప దగ్గర నిలబడ్డాడు. మొహం నిండా నవ్వు.

"ఇక్కడున్నరా ఇద్దరు? ఇంటికాడ చూసొచ్చిన. చెల్లె, నీతోటి ఒక మాట. కోపం చేసుకోకు, ముందు పూరాగ విను." పొట్లం బల్ల మీద పెట్టాడు. "ఒక్క రెండేండ్లే."

హన్నా వంగి నేల మీద నుంచి బొగ్గుముక్క తీసుకుంది. నలభై నాలుగో మేకు పక్కన నిలబడింది.

"చెప్పన్న. దీని కింద ఏం బొమ్మ గియ్యాలె?"

జాన్ ప్రసాద్ ఆ బిళ్ల చూశాడు. నంబరు చదివాడు. నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. ఏదో అనబోయి తలుపంతా ఒకసారి కలియజూశాడు. వరుసలన్నీ నిండుగా ఉన్నాయి, నడుమ ఒక్క మేకు ఖాళీ.

అతనూ ల్యాంపు రూం మనిషి కొడుకే. పోశం కథ అతనూ వంద సార్లు విన్నవాడే. ఖాళీ మేకు కింద ఇనుపగేటు బొమ్మను చూశాడు. తర్వాత చొక్కా జేబు మీద చెయ్యి గట్టిగా అదిమి పెట్టుకుని నిలబడ్డ తండ్రిని చూశాడు.

"బాపు" అన్నాడు. "అక్క ఎప్పుడొచ్చింది?"